కమాన్ పట్టీ విరిగింది, బండిని షెడ్డులో ఆపేశారు. ఏం చేయాలి?

ప్రశ్న: లాయర్ గారికి నమస్కారం. మాది చింతపల్లి మండలం. నాకు 1996 మోడల్ మహీంద్రా ఎంఎం 540 ఫోర్‌వీల్ జీపు ఉంది. ఆర్సీ నా పేరు మీదే ఉంది. వెనక కమాన్ కట్టలు (బరువు మోసే స్ప్రింగు పట్టీల దొంతరలు) దిగిపోయి బండి కుడి పక్కకు ఒరిగింది. గోతిలో పడితే యాక్సిల్ వచ్చి చాసిస్‌కు కొట్టుకునేది. విశాఖ వైపు ఒక షెడ్డులో ఇచ్చి, కొత్త కట్టలు వేసి కంపెనీ ఎత్తుకు తెమ్మన్నాను. 24 వేలకు మాట్లాడుకుని 18 వేలు ఇచ్చాను. ఆయన పాత కట్టలకే వంపు పెట్టించి, ఒక్కో పక్క రెండేసి పట్టీలు అదనంగా వేసి, పొడుగు షాకిళ్లు (కమాన్ చివరను చాసిస్‌కు కలిపే లింకులు) బిగించి బండిని మూడంగుళాలు లేపాడు. ఇదేంటని అడిగితే "కొండ బండికి ఇలాగే ఉండాలి సార్" అన్నాడు. రెండు నెలలు తిరక్కుండానే ఘాట్‌లో కుడివైపు మెయిన్ పట్టీ విరిగి యాక్సిల్ పక్కకు జరిగింది. బండి పిట్టగోడకు రాసుకుని ఆగింది. దేవుడి దయవల్ల ఎవరికీ ఏమీ కాలేదు. లాగించుకుని అదే షెడ్డుకు తీసుకెళ్తే ఓవర్‌లోడ్ వేశావంటున్నాడు. పాత బాకీ ఆరు వేలు, కొత్త సెట్టుకు ఇంకో పదిహేను వేలు కడితే గానీ బండి కదలనివ్వనంటున్నాడు. బిల్లు లేదు, చేత్తో రాసిచ్చిన ఎస్టిమేటు ఉంది. 2026లో ఆర్సీ రెన్యూవల్ కూడా ఉంది. సీజన్‌లో లంబసింగి వచ్చినవాళ్లను అప్పుడప్పుడు వ్యూ పాయింట్ దాకా తీసుకెళ్తుంటాను. నా డబ్బు వెనక్కి వస్తుందా? బండి ఆపే హక్కు అతనికి ఉందా? ఎత్తు పెంచినందుకు ఆర్టీవో ఆఫీసులో ఇబ్బంది అవుతుందా?

జవాబు: ముందు బండి సంగతి చూద్దాం. అది షెడ్డులో ఉన్నంతకాలం మీ సాక్ష్యం కూడా వాళ్ల చేతిలోనే ఉన్నట్టు.

మెకానిక్‌కు బండి ఆపే హక్కే లేదని ఎవరైనా చెబితే నమ్మకండి. 1872 నాటి కాంట్రాక్టు చట్టం సెక్షన్ 170 ఆ హక్కు ఇస్తుంది. మీ వస్తువు మీద ఒళ్లొంచి, నైపుణ్యం పెట్టి పని చేసినవాడు తన కూలి అందేదాకా ఆ వస్తువును తన దగ్గరే ఉంచుకోవచ్చు. అయితే అందులో రెండు మెలికలున్నాయి. చెప్పిన పనిని చెప్పినట్టు చేసి ఉండాలి. పైగా ఏ పనికి డబ్బు రావాలో, ఆ పనికి ఇచ్చిన వస్తువు ఇంకా తన చేతిలోనే ఉండాలి. మొదటిసారి పని అయ్యాక ఆయన బండి మీకు అప్పగించేశాడు. దాంతో ఆ ఆరు వేల మీద ఆపే హక్కు పోయింది. బాకీ ఉందనుకుంటే అడగొచ్చు, దావా వేసుకోవచ్చు. బండి మళ్లీ షెడ్డుకు వచ్చింది కదా అని పాత లెక్కకు దాన్ని పట్టుకోకూడదు. ఇక ఆ పదిహేను వేలంటారా, ఆయన ఇంకా చేయని పనికి కూలి ఎక్కడిది?

ఏ లెక్కకైనా ఏ వస్తువునైనా పట్టుకునే విశాలమైన హక్కు ఒకటి సెక్షన్ 171లో ఉంది. అది బ్యాంకర్ల లాంటి కొద్దిమందికే. మెకానిక్కులు ఆ జాబితాలో లేరు. ఫీజు రాలేదని కక్షిదారు ఫైలు ఆపే హక్కు మా వకీళ్లకే లేదని సుప్రీంకోర్టు 2000లో తేల్చేసింది. ఈ ముక్క చెబితే షెడ్డు ఓనర్లు కాస్త మెత్తబడతారు! "రోజుకింత పార్కింగ్ అద్దె" అని ఆయన కొత్త పాట ఎత్తుకున్నా, ముందుగా ఒప్పుకుని ఉంటే తప్ప మీరు కట్టక్కర్లేదు.

హక్కు లేదు కదా అని నలుగురిని వేసుకెళ్లి బండి లాక్కురావద్దు. కేసు మీ మీదకే తిరుగుతుంది. పోలీసుల దగ్గరకు వెళ్తే ఇది సివిల్ తగాదా అని పంపించే అవకాశమే ఎక్కువ. ఆయన మీ సామాన్లు అమ్మేసుకుంటే మాత్రం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 316, అంటే నమ్మకద్రోహం నేరం వరకు వెళ్తుంది. నోటీసు ఇవ్వండి. స్పీడ్ పోస్టులో ఒకటి, వాట్సాప్‌లో ఒకటి. బండితో పాటు విప్పిన పాత షాకిళ్లు, విరిగిన పట్టీ కూడా వారంలోగా అప్పగించమని రాయండి. ఆయన కదలకపోతే నా సలహా మీకు నచ్చకపోవచ్చు: ఆ ఆరు వేలు ఆన్‌లైన్‌లో కట్టి, "అభ్యంతరంతో కడుతున్నాను, నా హక్కులు వదులుకోవడం లేదు" అని మెసేజ్ పెట్టి బండి తెచ్చుకోండి. కట్టిన డబ్బు ఫిర్యాదులో అడిగే మొత్తంలో కలపొచ్చు. కట్టడం ఇష్టం లేకపోతే, బండి ముందు ఇప్పించమని వినియోగదారుల కమిషన్‌ను మధ్యంతర ఉత్తర్వు కోరవచ్చు. దానికి రోజులు పడతాయి.

విరిగిన పట్టీ గురించి ఇంకాస్త చెప్పాలి, మీ కేసు సగం దాని మీదే నిలబడుతుంది. కమాన్ పట్టీ స్టీలుకు కొలిమి దగ్గర మంచి గిరాకీ. షెడ్డు మూలన పడేస్తే అది ఎవరి చేతిలోనో కత్తో కొడవలో అయిపోతుంది. మీ చేతికి రాగానే విరిగిన ముఖం ఎలా ఉందో చూడండి. కొంత భాగం తుప్పుపట్టి గోధుమ రంగులో, మిగతాది తెల్లగా మెరుస్తూ ఉంటే, పగులు ముందునుంచే ఉందని, మెరిసే భాగం మాత్రమే ఆ రోజు తెగిందని అర్థం. అలాంటి పట్టీకి వంపు పెట్టి మళ్లీ బిగించారంటే, చూడకుండానైనా బిగించి ఉండాలి, చూసి కూడా అయినా బిగించి ఉండాలి. రెండూ ఆయన తప్పులే. విరిగిన చోటికి దగ్గర్లో వెల్డింగ్ మచ్చ కనిపిస్తే ఇంకా మంచిది, అంటే కేసుకు మంచిది. కమాన్ స్టీలుకు వెల్డింగ్ పెడితే ఆ చుట్టుపక్కల పెళుసెక్కుతుంది. పాత పట్టీకి వంపు పెట్టాలన్నా ఎర్రగా కాల్చి, ముంచి, మళ్లీ తగుపాటి వేడిలో పదును సరిచేయాలి. చల్లగా ఉన్నదాన్ని సుత్తితో కొడితే వచ్చిన వంపు కొన్నాళ్లకే దిగిపోతుంది. ముఖాన్ని తుడవొద్దు, గ్రీజు పూయొద్దు. పక్కన స్కేలు పెట్టి ఫొటోలు తీసి, గుడ్డలో చుట్టి ఇంట్లో పెట్టండి. కట్టను యాక్సిల్‌కు బిగించే యూ బోల్టులు, పట్టీలను కలిపి పట్టే సెంటర్ బోల్టు ఫొటోలు కూడా తీయండి. బిగింపు వదులైతే సెంటర్ బోల్టు తెగి యాక్సిల్ జరుగుతుంది, అవతలివాళ్లు ఆ వాదన కూడా ఎత్తవచ్చు.

ఇదంతా చూసి కారణం రాసిచ్చేవాడు కావాలి. మన ఊరి మెకానిక్ మాట కంటే ఆటోమొబైల్ ఇంజనీరుదో, లైసెన్సున్న వాహన సర్వేయరుదో నివేదిక, దానికి అఫిడవిట్ ఉంటే బరువు. అవసరమనుకుంటే కమిషనే పట్టీకి సీలు వేయించి ల్యాబుకు పంపొచ్చు, వినియోగదారుల రక్షణ చట్టం 2019, సెక్షన్ 38లో ఆ వీలుంది. ల్యాబు పరీక్ష ఉంటే ఐదు నెలల్లో, లేకపోతే మూడు నెలల్లో తేల్చాలని చట్టం అంటుంది. ఆచరణలో అంతకంటే ఎక్కువే పడుతుంది, మనసులో పెట్టుకోండి.

ఇప్పుడు ఆ ఎస్టిమేటు కాయితం తీసి చూడండి. "కొత్త కట్టలు" అనో "న్యూ సెట్" అనో ఉంటే కేసు చాలావరకు మీదే. కొత్తవి వేస్తానని డబ్బు తీసుకుని పాతవి బిగించడం స్పష్టమైన సేవా లోపం. ఊరికే "కమాన్ పని" అని ఉంటే వాట్సాప్ మెసేజ్‌లు, కాల్ రికార్డింగులు వెతకండి. ఫోన్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కింద ధ్రువపత్రం జత చేస్తే అవతలివాళ్లు వంక పెట్టలేరు. అడిగినా బిల్లు ఇవ్వకపోవడం కూడా వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతే, దాన్నీ ఫిర్యాదులో చేర్చండి. "పని అయ్యాక మా బాధ్యత లేదు" అని గోడ మీద బోర్డు ఉన్నా, నాసిరకం పనికి అది గొడుగు పట్టదు.

ఫిర్యాదు మీరు నివసించే ప్రాంతం ఏ జిల్లా కమిషన్ కిందికి వస్తే అక్కడే వేయొచ్చు, షెడ్డు ఉన్న ఊరికి తిరగనక్కర్లేదు. చెల్లించిన మొత్తం ఐదు లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. లాయరు తప్పనిసరి కాదు. వినియోగదారుల కమిషన్ల ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌లో దాఖలు చేయొచ్చు. గడువు రెండేళ్లు. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి, కొన్నిసార్లు అక్కడే రాజీ కుదురుతుంది. ఇచ్చిన 18 వేలు, బండి లాగించిన ఖర్చు, గోడకు రాసుకున్న చోట డెంటింగ్, తిరిగి కంపెనీ ఎత్తుకు తెచ్చే ఖర్చు, మానసిక వేదనకు న్యాయంగా కొంత అడగండి. ఐదు లక్షలు అని రాస్తే మీ మాట మీద నమ్మకం తగ్గుతుంది తప్ప ఒరిగేదేమీ ఉండదు.

రెన్యూవల్ విషయానికి వద్దాం. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా ఆర్సీ వివరాలు మారేలా బండిని మార్చకూడదు. కేరళ నుంచి వచ్చిన కేసులో సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఇదే మాట గట్టిగా చెప్పింది. ఆ తీర్పు చూపించి "స్ప్రింగు మార్చినా నేరమే" అని భయపెట్టేవాళ్లు ఉన్నారు. అది సరికాదు. మార్పు అంటే బండి నిర్మాణంలో మార్పు వచ్చి దాని ప్రాథమిక లక్షణం మారిపోవడం అని ఆ సెక్షన్ వివరణలోనే ఉంది. అరిగిన కట్ట తీసి అదే కొలత కట్ట వేయడం మరమ్మతు. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఒక పట్టీ అదనంగా వేయడం కూడా నా దృష్టిలో ఆ గీత దాటదు.

పొడుగు షాకిళ్లతో మూడంగుళాలు లేపడం వేరే సంగతి. వాదించడానికి అవకాశం ఉంది గానీ, తనిఖీ చేసే ఎంవీఐ (మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్) దాన్ని మార్పు అంటే మీరు ఆఫీసుల చుట్టూ తిరగాలి. అనుమతి లేని మార్పుకు సెక్షన్ 182ఏ(4) కింద యజమానికే శిక్ష: ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు ఐదు వేల జరిమానా, లేదా రెండూ. మెకానిక్ చేశాడంటే వినరు. పైగా ఇది కాయితాల గొడవ మాత్రమే కాదు. బండి లేస్తే వెనక బ్రేకు గొట్టం బిగుసుకుంటుంది, వెనక చక్రాలకు శక్తినందించే ప్రొపెల్లర్ షాఫ్టు కోణం మారుతుంది, మలుపులో బండి ఊగుతుంది. ఘాట్‌లో తిరిగే బండికి ఇది పనికిరాదు. అందుకే రెన్యూవల్‌కు ముందే కంపెనీ ఎత్తుకు తెప్పించి, "అసలు కొలత వెనక కమాన్ కట్టలు, షాకిళ్లు, యూ బోల్టులు" అని స్పష్టంగా రాసిన బిల్లు తీసుకోండి. రేపు ఎంవీఐకి చూపడానికీ కమిషన్‌లో ఖర్చు రుజువుకూ ఆ బిల్లే పనికొస్తుంది. విప్పే ముందు ఇప్పుడున్న ఎత్తు ఫొటోలు, ఇంజనీరు నివేదిక పూర్తి కావాలి, ఆ వరుస తప్పితే సాక్ష్యం పోతుంది.

రెన్యూవల్‌కు ఫారం 25, గడువు ముగియడానికి 60 రోజుల లోపు ఇవ్వాలి. ఒకసారి చేస్తే ఐదేళ్లు. పదిహేనేళ్లు దాటిన బండి తుక్కే అనే మాట ఢిల్లీ ప్రాంతపు నిబంధనల నుంచి వచ్చింది, మన దగ్గర తనిఖీలో పాసైతే నడుపుకోవచ్చు. ఈలోగా విరిగిన కట్టతో బండిని రోడ్డెక్కించకండి. లోపం తెలిసీ నడిపితే సెక్షన్ 190 వర్తిస్తుంది, ఎవరికైనా దెబ్బ తగిలితే మూడు నెలల వరకు జైలు కూడా పడొచ్చు.

ఇన్సూరెన్స్ గురించి మీరు అడగలేదు గానీ చెప్పాలి. పాత జీపు కాబట్టి బహుశా థర్డ్ పార్టీ ఒక్కటే ఉండి ఉంటుంది. అలాగైతే సొంత బండి డెంటింగుకు పైసా రాదు. ఫుల్ పాలసీ ఉన్నా విరిగిన పట్టీకి రాదు, అరుగుదలనూ మెకానికల్ బ్రేక్‌డౌన్‌నూ మామూలు మోటార్ పాలసీ మినహాయిస్తుంది. గోడకు తగిలిన దెబ్బకు మాత్రం అడగొచ్చు.

చివరగా, మీరు మాటవరసకు రాసిన ఆ లంబసింగి సంగతి. డబ్బు తీసుకుని టూరిస్టులను ఎక్కించుకున్నారా? తెల్ల బోర్డు (సొంత వాడకపు) బండిలో అది పర్మిట్ లేకుండా అద్దెకు తిప్పడమే. ఆ సమయంలో ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ కంపెనీ చేతులెత్తేయడానికి మోటారు వాహనాల చట్టం సెక్షన్ 150 దారి ఇస్తుంది, పరిహారం మీ ఇంటి మీద పడొచ్చు. షెడ్డు ఆయన కూడా "అద్దె బండి, పదిమందిని ఎక్కించాడు" అని అదే పట్టుకుంటాడు, ఎవరి ఫోన్లోనో ఫొటో ఉండకపోదు. అఫిడవిట్‌లో ఈ సంగతి దాచొద్దు. విరిగిన రోజు బండిలో ఎంతమంది ఉన్నారు, ఏం బరువు ఉంది, ఉన్నది ఉన్నట్టు రాయండి. మీరే నడుపుకుంటూ పొట్టపోసుకునే వాడకమైతే చట్టం మిమ్మల్ని వినియోగదారుడిగానే చూస్తుంది. ఆ రోజు పరిమితికి మించి ఎక్కించి ఉంటే మాత్రం కేసు వేసే ముందు ఒకసారి మీ ఊళ్లో లాయరును కలిసి, ఆర్సీలో సీట్ల సంఖ్య చూపించి మాట్లాడండి.