ఉమ్మడి ఖాతాకు వివాహ గుర్తింపు అవసరం లేదు

స్వలింగ వివాహానికి గుర్తింపు లేదు కనుక మీకూ మీ భాగస్వామికీ ఉమ్మడి ఖాతా తెరవలేమని బ్యాంకు శాఖలో చెప్పారని రాశారు. ఆ కారణం చెల్లదు. సుప్రీంకోర్టు 2023 అక్టోబరు 17న వివాహ హక్కును గుర్తించడానికి నిరాకరించిన మాట నిజమే గానీ, ఉమ్మడి ఖాతా తెరవడానికీ భాగస్వామిని నామినీగా పెట్టుకోవడానికీ ఎలాంటి ఆంక్షలూ లేవని కేంద్ర ఆర్థిక సేవల విభాగం 2024 ఆగస్టు 28న స్పష్టం చేసింది. ఆ ప్రకటన ప్రతిని జతచేసి మేనేజరుకు లిఖితపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, అందినట్లు సంతకం తీసుకోండి (కౌంటరు దగ్గర నోటిమాటగా వాదించడం దండగ). 30 రోజుల్లో పరిష్కారం కాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ను (బ్యాంకులపై ఫిర్యాదులను పరిష్కరించే అధికారిని) ఆశ్రయించవచ్చు. అయితే నామినీకి సొమ్ము చేతికి అందుతుందే తప్ప వారసత్వ హక్కు రాదు, రక్తసంబంధీకులు దావా వేయగలరు కాబట్టి ఇద్దరు సాక్షుల సంతకాలతో వీలునామా కూడా రాసుకోండి.