1899లో అమెరికా బేస్‌బాల్ జట్టు క్లీవ్‌లాండ్ స్పైడర్స్ 154 ఆటల్లో 134 ఎందుకు ఓడిపోయింది?

యజమానులే జట్టులోని మంచి ఆటగాళ్లను తమ రెండో జట్టుకు తరలించేశారు కాబట్టి. అప్పట్లో ఒకే యజమాని రెండు జట్లను నడపడానికి ఈ జట్టు ఆడే నేషనల్ లీగ్‌లో అడ్డు లేదు. క్లీవ్‌లాండ్ యజమానులైన రాబిసన్ సోదరులు 1899 సీజన్‌కు ముందు సెయింట్ లూయిస్ జట్టునూ కొన్నారు. అక్కడ జనం ఎక్కువ వస్తారని పిచర్ (బంతి విసిరేవాడు) సై యంగ్, బ్యాటర్ జెస్సీ బర్కెట్, బాబీ వాలెస్ లాంటి వాళ్లను అటు పంపారు. క్లీవ్‌లాండ్‌కు మిగిలింది అరకొర జట్టు.

ఇక సొంత మైదానానికి ఎవరొస్తారు? సీజన్ మొత్తానికీ టికెట్ కొన్నవాళ్లు సుమారు 6,000 మంది, అంటే ఆటకు 150 కూడా లేరు. టికెట్ల డబ్బులో తమకొచ్చే వాటా ప్రయాణ ఖర్చులకే చాలదని మిగతా జట్లు రావడం మానేశాయి. దాంతో స్పైడర్స్ 112 ఆటలు బయటి ఊళ్లలోనే ఆడి, అందులో 101 ఓడింది. వరసగా 24 ఓటములూ ఆ ఏడాదివే.

ఇది మొదటినుంచీ చేతకాని జట్టని చాలామంది అనుకుంటారు. కాదు, అంతకుముందు ఏడాదే 81 గెలిచి 68 ఓడింది. ఇప్పటి క్లీవ్‌లాండ్ బేస్‌బాల్ జట్టు గార్డియన్స్ కూడా దీని కొనసాగింపు కాదు. 1899 తర్వాత లీగ్ 12 జట్లను 8కి తగ్గించినప్పుడు స్పైడర్స్ మూతపడింది. గార్డియన్స్ మరో లీగ్ అయిన అమెరికన్ లీగ్‌లో విడిగా పుట్టిన జట్టు.