లేజర్ పల్సులను తక్కువ ఖర్చుతో క్లాసులో ఎలా చూపించాలి?

లేజర్ కాంతి కాలంతో ఎలా మారుతుందో డిగ్రీ పిల్లలకు చవకగా చూపించవచ్చా అని అడిగారు. చూపించవచ్చు. సరుకంతా హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీలో దొరుకుతుంది.

మొదట టేబుల్ ఫ్యాన్. రెక్కల గుండా లేజర్ పాయింటర్ కాంతిని చిన్న సోలార్ సెల్ మీద పడనిచ్చి, దాని తీగలను యాంప్లిఫైయర్ ఉన్న స్పీకర్‌కు కలపండి. నిమిషానికి 1,200 చుట్లు తిరిగే మూడు రెక్కల ఫ్యాన్ సెకనుకు 60 పల్సులు, అంటే కాంతి తునకలు, ఇస్తుంది, స్పీకర్ గుర్రుమంటుంది. ట్యూబ్‌లైట్ ఆర్పేయండి, పాత చోక్‌దైతే దాని 100 హెర్ట్జ్ గోల కూడా కలుస్తుంది.

అసలు మజా తర్వాతే. డ్రైవర్ సర్క్యూట్ (కరెంటును అదుపుచేసే సర్క్యూట్) లేని లేజర్ మాడ్యూల్‌ను ఆర్డునో అనే చిన్న ప్రోగ్రామబుల్ బోర్డుతో ఆన్, ఆఫ్ చేయండి. సోలార్ సెల్ బదులు ఫోటోడయోడ్ (కాంతిని కరెంటుగా మార్చే డయోడ్), దానికి 9 వోల్టుల రివర్స్ బయాస్ (తలకిందులుగా ఇచ్చే వోల్టేజి), సిరీస్‌లో 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్ పెట్టి, రెసిస్టర్ మీది వోల్టేజిని ఆసిలోస్కోప్‌లో (వోల్టేజి కాలంతో మారడాన్ని గీతగా చూపే పరికరం) చూడండి. పల్సు అంచు వంపు తిరిగి కనిపిస్తుంది. 1 కిలో ఓమ్‌కు మార్చగానే నిటారవుతుంది, కానీ ఎత్తు తగ్గుతుంది. మందకొడిగా ఉన్నది లేజర్ కాదు, మన డిటెక్టర్! డిటెక్టర్ ఎంత ఆలస్యంగా స్పందిస్తుందో తేల్చేది రెసిస్టెన్స్, కెపాసిటెన్స్ (ఛార్జి నిల్వ చేసే గుణం) లబ్ధమే; అది ఎందుకు ముఖ్యమో అప్పుడు బోర్డు మీద రాయండి.

ఫెమ్టోసెకను (సెకనులో లక్ష కోట్లవ వంతులో మళ్లీ వెయ్యో వంతు) పల్సులు ఇలా దొరకవు, ఏ ఫోటోడయోడూ అంత వేగంగా స్పందించదు. 1 మిల్లీవాట్ దాటని లేజరే వాడండి, కిరణం కళ్ల ఎత్తులో ఉండకూడదు.