ఉడికిన గుడ్డు మళ్లీ పచ్చిది ఎందుకు కాదు?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ బైపీసీ రెండో సంవత్సరం. కెమిస్ట్రీ చదివి, ప్రొటీన్ల మీద పరిశోధన చేసి ప్రొఫెసర్ అవుతానంటోంది. బీటెక్ బయోటెక్నాలజీ అయితే ఉద్యోగం వస్తుందని నా ఉద్దేశం. పైగా ప్రొటీన్ల ఆకారం ఇప్పుడు కంప్యూటరే చెప్పేస్తోందట. ఉడికిన గుడ్డు మళ్లీ పచ్చిది ఎందుకు కాదంటూ మొన్న వాళ్లమ్మను అరగంట విసిగించింది. ఇలాంటి పనికిమాలిన ప్రశ్నలతో కాలం గడుపుతోంది. రెండింటిలో ఏది మేలు?
– ఒక తండ్రి, గాజువాక, విశాఖపట్నం

జవాబు: మీరు పనికిమాలినదన్న ప్రశ్నతోనే మొదలుపెడతాను. తెల్లసొనలోని ప్రొటీన్లు ఒక్కొక్కటీ తనదైన తీరులో మడతపడి ఉంటాయి. వేడికి ఆ మడతలు విడిపోయి, పోగులు ఒకదానికొకటి చిక్కుపడతాయి. చల్లారినా ఆ చిక్కు వీడదు. అయితే రైబోన్యూక్లియేజ్ అనే ఎంజైమ్ మడతలు విప్పి, అందుకు వాడిన రసాయనాలను తొలగిస్తే, అది తనంతట తానే పాత ఆకారానికి వచ్చిందని క్రిస్టియన్ ఆన్ఫిన్సన్ చూపించారు. 1972 రసాయనశాస్త్ర నోబెల్‌లో ఆయనకు వాటా దక్కింది ఈ పనికే. మీ అమ్మాయి వంటింట్లో అడిగింది కూడా ఇదే విషయం. ఆ పిల్లను కసురుకోవడం తప్పండి.

కంప్యూటర్ సంగతికి వస్తే, ప్రొటీన్ల ఆకారాన్ని ఊహించే ఆల్ఫాఫోల్డ్ అనే ప్రోగ్రాం రూపొందించినందుకు 2024లో డెమిస్ హస్సాబిస్, జాన్ జంపర్‌లకు నోబెల్ వచ్చింది, అదీ రసాయనశాస్త్రంలోనే. జంపర్ పీహెచ్‌డీ చేసిందీ సైద్ధాంతిక రసాయనశాస్త్రంలోనే. 1971లో మొదలైన ప్రొటీన్ డేటా బ్యాంకులో శాస్త్రవేత్తలు ఒక్కొక్కటిగా చేర్చిన ఆకారాలను చూసే ఆ ప్రోగ్రాం నేర్చుకుంది. ఆకారం తెలిస్తే పని అయిపోదు. ప్రొటీన్ ఏ దారిలో మడతపడుతుంది, పని చేసేటప్పుడు ఎలా కదులుతుంది, ఎందుకు దారితప్పి గడ్డకడుతుంది అన్నవి ఇంకా ప్రయోగశాలలో తేలాల్సినవే.

బయోటెక్నాలజీ బీటెక్ మీద నాకు అనుమానాలున్నాయి. పేరు చూసి చేర్పించి, నాలుగో ఏడాది కంగారుగా వచ్చే తల్లిదండ్రులను ఏటా చూస్తున్నాను. ప్రొటీన్‌ను శుద్ధిచేసే గొట్టాన్ని, అదే కాలమ్‌ను, నీ చేత్తో ఎప్పుడైనా నింపావా అని ఒక అబ్బాయిని అడిగాను. ‘రికార్డులో బొమ్మ వేశానండీ’ అన్నాడు. ఇప్పుడు సాఫ్ట్‌వేర్ శిక్షణలో ఉన్నాడు. ప్రయోగశాల బాగున్న కాలేజీ దొరికితే నాకు అభ్యంతరం లేదు.

సైన్సు చదువు, పరిశోధనల కోసం కేంద్రం నడిపే తిరుపతి ఐసర్‌లో ఐదేళ్ల బీఎస్-ఎంఎస్‌కు బైపీసీ వాళ్లూ ప్రయత్నించవచ్చు. లేదంటే బీఎస్సీ చేసి, మన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ. దారి పొడవైనదే, దాచను. పీహెచ్‌డీ, ఆపై పోస్ట్‌డాక్ అనే తాత్కాలిక పరిశోధన ఉద్యోగం ముగిసేసరికి ముప్పై దాటుతుంది. అప్పటిదాకా స్థిరపడకపోతే పెళ్లెలా అన్నదే మీరు రాయని దిగులని నాకు తెలుసు. సీఎస్ఐఆర్ నెట్ అనే జాతీయ పరీక్షలో జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే, 2023 నుంచి నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్ ఇస్తున్నారు. ఆమె మీ మీద ఆధారపడి కూర్చోదు. పరిశోధన చేస్తూ పెళ్లి చేసుకుని, పిల్లల్ని పెంచుకుంటున్న వాళ్లెందరో ఉన్నారు.

ఎక్కడ చేర్పించినా, ఫీజు కట్టే ముందు ప్రయోగశాల తలుపు తీయించి అమ్మాయిని లోపలికి పంపండి. పరికరాల మీద దుమ్ముందో లేదో ఆమే చూసి చెబుతుంది.