డిస్కౌంటు నాది, ఫోన్లు బావగారివి

ప్రశ్న: నాకు 24 ఏళ్లు. మాది పల్నాడు. కెనడాలోని ఒంటారియోలో రెండేళ్ల డిప్లొమా చదువుతున్నాను. ఎనిమిది నెలలు తిరగ్గా తిరగ్గా ఒక ఎలక్ట్రానిక్స్ షాపులో పార్ట్‌టైమ్ దొరికింది. నా ల్యాప్‌టాప్ మూత కీలు (హింజ్) విరిగిపోయింది, దాన్ని పుస్తకాల దొంతరకు ఆనించి వాడుకుంటున్నాను. ఎంప్లాయీ డిస్కౌంటుతో కొత్తది కొనుక్కోవచ్చని ఆ ఉద్యోగం మీద ఆశపడ్డాను. ఆ ముక్క సంతోషం పట్టలేక ఇంట్లో చెప్పాను. మొదట మా బావగారు ఫోన్ అడిగారు. తర్వాత వాళ్ల చెల్లెలి కొడుక్కి ట్యాబ్, ఆ తర్వాత వాళ్ల అన్నగారికి ఇంకో ఫోన్, నాన్న స్నేహితుడికి హెడ్‌ఫోన్స్. అందరూ ‘ముందు పంపు, డబ్బులు వేస్తాం’ అన్నారు. వేసింది హెడ్‌ఫోన్స్ తీసుకున్నాయన ఒక్కరే. క్రెడిట్ కార్డు మీద 3,900 డాలర్ల బాకీ ఉంది. అది తీర్చడానికి షాపు పని కాక వారానికి రెండు రాత్రులు ఇంకోచోట, చేతికి డబ్బులిచ్చే పని చేస్తున్నాను. ఇప్పుడు బావగారు సంక్రాంతికి నాలుగు ఫోన్లు పంపమంటున్నారు. తెలిసినవాళ్ల షాపులో అమ్మి లాభం చెరి సగం పంచుకుందామట. కాదంటే అక్కను ఏమైనా అంటారేమోనని భయం. నాన్నకు చెబితే ‘అల్లుడు నోరు తెరిచి అడిగితే లేదంటామా’ అన్నారు. నిద్ర పట్టడం లేదు. ఏం చేయాలి?

జవాబు: మీ ఉత్తరంలో ల్యాప్‌టాప్ మాట ఒక్కసారే వచ్చింది. ఆ తర్వాత ఇన్ని వస్తువుల పేర్లు రాశారు గానీ, అసలు దేనికోసం ఆ ఉద్యోగంలో చేరారో దాని ఊసు మళ్లీ లేదు. ఇంకా ఆ పుస్తకాల దొంతరకు ఆనించే చదువుకుంటున్నారని అర్థమైంది. మనసు చివుక్కుమంది.

అన్నిటికంటే ముందు ఆ రాత్రి పని ఆపేయండి. వచ్చే వారం నుంచి అని వాయిదా వేయకుండా ఈ వారమే ఆపేయండి. కెనడాలో చదువుకునేవాళ్లు క్లాసులు జరిగే రోజుల్లో బయట వారానికి 24 గంటలే పని చేయాలన్నది 2024 నవంబరు నుంచి ఉన్న నియమం. అంతకుముందు కొంతకాలం ఈ పరిమితి ఎత్తేశారు కాబట్టి, ‘మేమంతా నలభై గంటలు చేశాం, ఏమీ కాలేదు’ అని చెప్పే సీనియర్లు మీ చుట్టూ ఉంటారు. వాళ్ల కాలం వేరు. ఈ 24 గంటలు ఒక్కో ఉద్యోగానికి విడివిడిగా లెక్కేసేవి కావు, అన్నీ కలిపే. డబ్బు చేతికి ఇచ్చినంత మాత్రాన అది లెక్కలోకి రాకుండా పోదు. స్టడీ పర్మిట్ షరతు తప్పితే రేపు చదువయ్యాక తీసుకోవాల్సిన వర్క్ పర్మిట్ దగ్గర ఇబ్బంది వస్తుంది. మీ నాన్నగారు అప్పో సప్పో చేసి మిమ్మల్ని పంపింది ఆ పర్మిట్ కోసమే కదా. ఇప్పటివరకు చేసిన గంటల సంగతి మాత్రం కాలేజీలో విదేశీ విద్యార్థుల కోసం ఉండే ఆఫీసును అడిగి, లైసెన్సు ఉన్న ఇమ్మిగ్రేషన్ సలహాదారుతో ఒకసారి మాట్లాడండి. రూమ్మేట్ల సలహా మీద ఆధారపడొద్దు.

ఇక బావగారి సంగతి. దీని గురించి రాసే ముందు మా ఇంట్లో జరిగింది ఒకటి చెప్పాలి. మా చిన్నమామయ్య కువైట్‌లో పని చేసేవాడు. 1986లో మొదటిసారి సెలవు మీద వచ్చాడు. అరుగు మీద పెట్టె తెరిచాడు. నైలాన్ తాళ్లు కోస్తుంటేనే చుట్టూ ఇరవై మంది మూగారు. టేప్ రికార్డరు పెద్దబావగారికి, గడియారం చిన్నబావగారికి, సెంటు సీసాలు, టైగర్ బామ్ డబ్బాలు, పిల్లలకు రంగు రంగుల పెన్నులు. పెట్టె అడుగున రెండు చొక్కాలు మిగిలాయి. అవి ఆయనవి, వెళ్లేటప్పుడు మా అమ్మమ్మ కుట్టించి ఇచ్చినవే, కాలర్లు అరిగిపోయి ఉన్నాయి. అప్పుడు ఎవరూ వాటి వైపు చూడలేదు. ఆ పెట్టెను అప్పు చేసి నింపాడని ఆయన పోయాక గానీ మాకు తెలియలేదు. అడిగినవాళ్లలో చెడ్డవాళ్లు ఎవరూ లేరు. ఆయనకు లేదని ఎవరికీ తెలియదు, ఆయన చెప్పలేదు, అంతే.

మీ విషయంలోనూ సగం చిక్కు ఇక్కడే ఉందని నాకనిపిస్తోంది. మీ ఇంట్లో ‘డిస్కౌంటు’ అంటే సగం ధరకు వస్తుందని అనుకుంటున్నారు. మీరు ఆ అపోహ తీర్చలేదు. ఎనిమిది నెలల తర్వాత దొరికిన ఉద్యోగం, నలుగురిలో కాస్త గర్వంగా చెప్పుకోవాలనిపిస్తుంది. ఆ సంతోషంలో తప్పేమీ లేదు. కానీ ఇప్పుడు లెక్క చెప్పాల్సిన సమయం వచ్చింది.

లెక్క నేనే రాస్తాను, మీరు ఇంట్లో చదివి వినిపించండి. ఇలాంటి షాపుల్లో కేబుళ్లు, కవర్లు, చిన్నచిన్న సామాన్ల మీద డిస్కౌంటు బాగానే ఉంటుంది. ఫోన్ల మీద షాపుకు మిగిలేదే తక్కువ కాబట్టి సిబ్బందికి తగ్గించేదీ తక్కువే. వెయ్యి డాలర్ల ఫోన్ మీద మీకు 5 శాతం తగ్గిందనుకుందాం. 950 అవుతుంది. దాని మీద ఒంటారియోలో 13 శాతం హెచ్‌ఎస్‌టీ, అంటే అక్కడి అమ్మకం పన్ను. బిల్లు 1,073 డాలర్ల పైచిలుకు. అంటే డిస్కౌంటు పోగా కూడా షాపులో వేసిన ధర కంటే ఎక్కువే కట్టారు. మన దగ్గర ఎంఆర్‌పీలోనే పన్ను కలిసి ఉంటుంది గనుక బావగారికి ఈ సంగతి తట్టి ఉండదు. ‘ఎయిర్‌పోర్టులో పన్ను వెనక్కిస్తారుగా’ అని ఎవరైనా అంటే, కెనడాలో సందర్శకులకు అలా తిరిగిచ్చే పద్ధతి 2007లోనే ఎత్తేశారని చెప్పండి. కార్డు వడ్డీ ఏడాదికి 20 శాతం దగ్గర ఉందనుకుంటే 3,900 మీద నెలకు 65 డాలర్లు. అక్కడి కనీస వేతనం 2025 అక్టోబరు నుంచి గంటకు 17.60. మీకు అదే ఇస్తున్నారనుకుంటే, నెలలో దాదాపు నాలుగు గంటలు మీరు నిలబడి చేసే చాకిరీ ఒక్క వడ్డీకే పోతోంది.

ఆ నాలుగు ఫోన్ల వ్యాపారం మాట వేరు. అది మొహమాటానికి కూడా ఒప్పుకోవాల్సిన పని కాదు. సిబ్బంది డిస్కౌంటు సొంత వాడకానికి, ఇంటివాళ్లకు ఇచ్చేది. కొని తిరిగి అమ్మితే ఉద్యోగం పోయే పని అని మీరు చేరేటప్పుడు సంతకం పెట్టిన కాగితంలో రాసే ఉంటుంది, ఒకసారి తీసి చదవండి. మీ కొనుగోళ్లన్నీ మీ ఎంప్లాయీ నంబరు మీదే నమోదవుతాయి. ఇన్నాళ్లు తిరిగితే దొరికిన ఉద్యోగం నాలుగు ఫోన్ల లాభంలో సగానికి పోగొట్టుకుంటారా? ఇంకో సంగతి కూడా ఆలోచించండి. ఆ డబ్బాలు మోసుకొచ్చేది ఎవరో ఒక స్నేహితుడు. శంషాబాద్‌లో సీలు తీయని ఫోన్లు నాలుగు బ్యాగులో కనిపిస్తే కస్టమ్స్ వాళ్లకు సంజాయిషీ చెప్పుకోవాల్సింది అతను, మీ బావగారు కాదు.

చాలామంది ఇలాంటప్పుడు ఒక అబద్ధం చెప్పి తప్పించుకుంటారు. ‘డిస్కౌంటు తీసేశారు’ అనో, ‘ఇక్కడి ఐఫోన్ 17లో సిమ్ పెట్టే అర ఉండదు, మీకు పనికిరాదు’ అనో. రెండోదాంట్లో సిమ్ అర లేదన్నంతవరకు నిజమే, కెనడాలో అమ్మేదానికి ఈ-సిమ్ (ఫోన్‌లోనే ఉండే డిజిటల్ సిమ్) ఒక్కటే. కానీ దాన్ని సాకుగా పెట్టారో, ‘అయితే శాంసంగ్ పంపు’ అంటారు. అప్పుడు ఇంకో సాకు వెతకాలి. మీకు ఇప్పటికే నిద్ర లేదు, అబద్ధాలు గుర్తుపెట్టుకునే పని కూడా ఎందుకు?

నేనైతే బావగారికంటే ముందు అక్కకు ఫోన్ చేయమంటాను. ‘అక్కను ఏమైనా అంటారేమో’ అని మీరు భయపడుతున్నారు గానీ, ఆమెతో ఈ విషయం మాట్లాడినట్టు ఎక్కడా రాయలేదు. తన తమ్ముడు తన కాపురం కోసం రాత్రుళ్లు పని చేస్తున్నాడని ఆమెకు తెలియదేమో. తెలిస్తే ఊరుకునే అక్కలు తక్కువ. పైగా తన భర్తతో ఏ మాట ఎప్పుడు అనాలో ఆమెకు తెలిసినంతగా మీకూ నాకూ తెలియదు. ఇలా మొదలుపెట్టొచ్చు: ‘అక్కా, బావకు చెప్పేముందు నీకే చెబుతున్నా. ఆ ఫోన్లు నేను అప్పు మీద కొన్నాను. నాకు కార్డు మీద 3,900 డాలర్లు బాకీ ఉంది. ఇంక కొనలేను. బావకు నేనే చెబుతాను, నువ్వు మధ్యలో ఇరుక్కోవద్దు. ముందే నీకు తెలిసి ఉండాలని చెబుతున్నా.’

ఒక జాగ్రత్త. అత్తవారింట్లో ఆమె పరిస్థితి నిజంగానే కష్టంగా ఉందని, బావగారు చేయి చేసుకునే మనిషో, పుట్టింటి నుంచి తెమ్మని పీడించే మనిషో అని తెలిస్తే, అప్పుడిది ఫోన్ల గొడవగా చూడకండి. మీరు ఎన్ని ఫోన్లు పంపినా ఆ బాధ తీరదు. అమ్మానాన్నలతో కూర్చుని అక్క గురించే మాట్లాడాలి. 181 మహిళా హెల్ప్‌లైన్ నంబరు ఆమె దగ్గర ఉండాలి. మీ ఉత్తరం చూస్తే అంత దూరం ఉన్నట్టు అనిపించలేదు, అయినా ఆమెనే అడగండి.

బావగారితో మాట్లాడేటప్పుడు పాత బాకీ, కొత్త కోరిక రెండూ కలిపేయకండి. ముందు కొత్తది: ‘బావగారూ, అమ్మడానికి కొంటే నా ఉద్యోగం పోతుంది. నేను చేయలేను.’ ఇంతకు మించి వివరణ అక్కర్లేదు. ఎంత వివరిస్తే అంత బేరం మొదలవుతుంది. తర్వాత పాతది. బిల్లులు ఫొటోలు తీసి వాట్సాప్‌లో పెట్టి, ‘మొత్తం ఇంత అయింది, నెలకు ఎంత వేయగలరో చెప్పండి’ అనండి. అన్నగారి ఫోన్, మేనల్లుడి ట్యాబ్ కూడా ఆయన మాట మీదే కొన్నారు కదా, ఆయనతోనే మాట్లాడండి. మొత్తం వస్తుందని నేను హామీ ఇవ్వలేను. సగం వచ్చినా కార్డు బరువు దిగుతుంది. ఇకముందు ఎవరికైనా ఏదైనా కొనాల్సి వస్తే డబ్బు ముందు మీ ఖాతాలో పడాలి, ఆ తర్వాతే కొనడం. నాన్న అడిగినా ఇదే మాట. హెడ్‌ఫోన్స్ పెద్దాయన వేశాడుగా, ఆయనకు లేని నామోషీ మిగతావాళ్లకెందుకు?

నాన్నగారి మాట మీద నాకు కోపం రాలేదు. ఆడపిల్లను ఇచ్చుకున్న తండ్రి అలాగే అంటాడు. అల్లుడి ముందు మాట పడిపోకూడదన్న భయం ఆయనది. కానీ ఆయన ‘లేదంటామా’ అన్నది కొడుకు దగ్గర ఉందనుకుని. కార్డు స్టేట్‌మెంటు ఆయనకు పంపండి. తెలుగులో కింద రాయండి, ఏది ఎంతో, వడ్డీ ఎంతో. వ్యవసాయం చేసేవాళ్లయినా, ఉద్యోగం చేసేవాళ్లయినా వడ్డీ లెక్క మన ఊళ్లలో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. కోప్పడితే పడనివ్వండి. ఆయనకు తెలియకుండా మీరొక్కరే మోయడం కంటే అది నయం.

షాపు ఉద్యోగం మాత్రం వదలకండి. రోజంతా రకరకాల మనుషులతో మాట్లాడే పని, మీ ఇంగ్లిష్‌కూ ధైర్యానికీ అంతకంటే మంచి బడి దొరకదు. ఆ 24 గంటల్లో వచ్చిన దాంట్లో అద్దె, తిండి పోగా మిగిలింది కార్డుకే కట్టండి, మినిమం పేమెంటుతో సరిపెట్టకండి. కార్డును ఫోన్‌లోని యాప్‌ల నుంచి తీసేయండి.

బాకీ సగానికి దిగాక ల్యాప్‌టాప్ చూడండి. మీ షాపులోనే ఎవరో కొని తిరిగిచ్చిన ఓపెన్ బాక్స్ వస్తువులుంటాయి, వాటి మీద మీ డిస్కౌంటు వర్తిస్తుందేమో మేనేజరును అడగండి. విద్యార్థులకు కంపెనీలు నేరుగా ఇచ్చే రాయితీతో కూడా పోల్చుకోండి, ఒక్కోసారి అదే చవక పడుతుంది. ఈలోగా ఆ కీలు బాగు చేయించడానికి ఎంతవుతుందో మీతో పనిచేసే రిపేరు కౌంటరు కుర్రాళ్లను అడిగారా? అడగలేదనే అనుకుంటున్నాను. రేపు షిఫ్టుకు వెళ్లేటప్పుడు దాన్ని బ్యాగులో పెట్టుకుని వెళ్లండి.

చలికాలంలో మీకూ మనకూ పదిన్నర గంటల తేడా. శనివారం రాత్రి తొమ్మిదికి మీరు ఫోన్ చేస్తే అక్కకు ఆదివారం ఉదయం ఏడున్నర. ఇంట్లో అందరూ లేచి హడావిడి పడేలోపు, కాఫీ గ్లాసు చేతిలో ఉన్నప్పుడు మాట్లాడండి. ఆమె ఏమందో నాకు రాయండి.