డ్యూటీలో చేరేలోపు

చి.ల.సౌ. సుజాతకు,

పెద్దమ్మ ఆశీస్సులు. తల్లి ఉద్యోగానికి పోతే బిడ్డ చదువు దెబ్బతింటుందని ఇంట్లో అంటున్నారని రాశావు. ఏడో నెలలో ఆ మాట పట్టుకుని కుమిలిపోకు. అమెరికాలో 1991లో పుట్టిన 1,364 మంది పిల్లల్ని పది చోట్ల ఏళ్ల తరబడి గమనించారు. తల్లి ఒక్కతే పెంచిన పిల్లలకీ, వేరేవాళ్ల దగ్గర కూడా పెరిగిన పిల్లలకీ ఎదుగుదలలో తేడా లేదు. బాగా చూసుకునే చోట పెరిగిన వాళ్లకు మాటలు, చదువు కాస్త మెరుగు. పిల్లల్ని చూసుకునే సెంటర్లలో మరీ ఎక్కువ గంటలు ఉన్నవాళ్లలో కొంత దుడుకుతనం కనబడింది. అన్నిటికన్నా ఇంటి ప్రభావమే ఎక్కువ. కాబట్టి నువ్వు లేని తొమ్మిది గంటలూ బిడ్డతో మాట్లాడేదెవరో అది చూసుకో.

ముందు సెలవు లెక్క. ప్రసూతి సెలవు 26 వారాల్లో కాన్పుకు ముందే 8 వాడేస్తే తర్వాత మిగిలేవి 18. అంటే నాలుగు నెలల పసిగుడ్డును వదలాలి. డాక్టరమ్మ సరేనంటే ముందు రెండు మూడు వారాలే తీసుకో. చట్టం ప్రకారం ఆఫీసులో 50 మంది ఉంటే క్రెష్, అంటే పగలు పసిపిల్లల్ని చూసుకునే చోటు, ఏర్పాటు చెయ్యాలి, రోజుకు నాలుగుసార్లు నిన్ను బిడ్డ దగ్గరికి వెళ్లనివ్వాలి. బయటి క్రెష్‌తో ఒప్పందం ఉందంటారేమో, ఎంత దూరమో అడుగు. ఆటోలో అరగంట పట్టే చోటికి నాలుగుసార్లు ఏం పోతావు?

క్రెష్ చూడ్డానికి చెప్పి వెళ్లకు. పొద్దున పదకొండుకోసారి, సాయంత్రం నాలుగున్నరకోసారి వెళ్లు. గోడమీద బొమ్మలు, ఏసీ చూసి మురిసిపోకుండా పది నిమిషాలు గుమ్మం దగ్గర నిలబడి విను. ఆయా డైపర్ మారుస్తూ "ఎవరికమ్మా చలేస్తోంది? ఏదీ, కాలు ఇలా ఇవ్వు బంగారూ" అంటోందా, ఫోన్ భుజానికి ఆనించుకుని పని కానిచ్చేస్తోందా? ఆ వయసుకి బడి అంటే ఆ మాటలే. ఏడాదిలోపు పిల్లలు నలుగురికి ఒక ఆయా ఉంటే మంచిది. ఎనిమిది మందిని ఒక్కతే చూస్తుంటే టీవీ పెట్టక ఏం చేస్తుంది, పాపం! ఎన్నాళ్లుగా పనిచేస్తోందో కూడా అడుగు. జీతాలు సరిగా ఇవ్వని చోట మనుషులు నిలవరు, మనిషి మారినప్పుడల్లా బిడ్డ ఏడుపు మళ్లీ మొదటికొస్తుంది.

డ్యూటీలో చేరే రోజే మొదటిసారి వదిలి చాలామంది దెబ్బతింటారు. మూడు వారాల ముందే మొదలెట్టు. మూడు రోజులు నువ్వూ పక్కనే గంటసేపు ఉండు, తర్వాత అరగంట బయటికి రా, ఆ తర్వాత ఒక పూట. ఏమార్చి జారుకోవద్దు, "వెళ్లొస్తా" అని చెప్పే వెళ్లు.

మీ అత్తగారే చూస్తానంటే అంతకన్నా ఏం కావాలి, కథలకీ పాటలకీ కొదవుండదు. కానీ మోకాళ్ల నొప్పులతో పాకే పిల్ల వెంట పది గంటలు తిరగడం ఎవరివల్లా కాదు. అన్నం తినిపించడానికి ఫోన్ చేతికొచ్చేది అక్కడే. మధ్యాహ్నం నాలుగు గంటలు తోడుగా మనిషిని పెట్టు.

ఏడాది దాటాక మధ్యాహ్నం మూడున్నర తర్వాత పడుకోబెట్టవద్దని క్రెష్‌లో చెప్పు. గోల ఉండదని ఆరింటిదాకా నిద్రపుచ్చుతారు, రాత్రి పదకొండైనా కన్ను మూతపడదు, పొద్దున రాగం.

ఇంటికొచ్చాక పక్క వేసేదాకా గంటన్నర నీదీ అల్లుడిదీ. అతను కుక్కర్ పెడితే బిడ్డ దగ్గర నువ్వు, నువ్వు పెడితే అతను. రాత్రి షిఫ్టయితే పొద్దున. మాటలన్నీ తెలుగులోనే కానివ్వండి. రైమ్స్ కోసం రెండేళ్లకే ప్లేస్కూల్‌కి వేలు పొయ్యొద్దు. 2020 జాతీయ విద్యా విధానం ప్రకారం ఒకటో తరగతికి ఆరేళ్లు, తొందరేం లేదు.

రెండు మూడు క్రెష్‌లు చూసి ఎక్కడ ఎంతమంది పిల్లలో, ఎందరు ఆయాలో రాసి పంపు.

మీ పెద్దమ్మ