అమ్మలూ, సిలబస్సు కొనే ముందు

చి.ల.సౌ. అమ్మలుకి పెద్దమ్మ దీవించి వ్రాయునది.

పెద్దవాణ్ణి ఈ ఏడు యూకేజీకి పంపకుండా ఇంట్లోనే చదివిద్దామనుకుంటున్నావని, ఏ సిలబస్సు కొనాలో తేలడం లేదని రాశావు. వాడికి ఐదు నిండాయి, చెల్లికి మూడు, చంటిదానికి ఎనిమిదో నెల. ఈ ముగ్గుర్నీ కలిపి చూసుకునే ఎంచుకోవాలమ్మా. పుస్తకాలు వేసేవాళ్ళు ఐదేళ్ళవాణ్ణొక్కణ్ణే ఎదురుగా కూర్చోబెట్టుకుని రాస్తారు, పక్కన పాకే పిల్ల ఉంటుందని వాళ్ళకు తట్టదు. కాబట్టి ఏ సెట్టు చూసినా ముందు ఈ మాట అడుక్కో: చంటిది రాత్రంతా ఏడ్చిన మర్నాడు కూడా ఇది నాతో అవుతుందా? అవదనిపిస్తే అది ఎంత పేరున్నదైనా పక్కన పెట్టెయ్.

యూకేజీ చదవకపోతే చట్టం ఒప్పుకోదేమో, ఒకటో తరగతిలో చేర్చుకోరేమో అన్న మీ అత్తగారి భయం సంగతి ముందు తేల్చేస్తాను. విద్యాహక్కు చట్టం, 2009 వర్తించేది 6 నుంచి 14 ఏళ్ళ పిల్లలకు. ఐదేళ్ళవాడు యూకేజీ చదివి తీరాలని అందులో లేదు. ఒకటో తరగతిలో చేర్చుకునేటప్పుడు పిల్లవాడికిగానీ తల్లిదండ్రులకుగానీ పరీక్ష పెట్టి వడపోయకూడదని అదే చట్టం 13వ సెక్షన్ చెబుతోంది. అయినా కొన్ని ప్రైవేటు బడులు ఇంటరాక్షన్ అనే పేరుతో పిల్లల్ని కూర్చోబెట్టి అడుగుతూనే ఉంటాయి. అందుకని వచ్చే ఏడు చేర్చాలనుకున్న బడికి ఇప్పుడే వెళ్ళి రెండు ప్రశ్నలు వెయ్యి: వయసు ఏ తేదీకి లెక్క చూస్తారు, ఒకటిలోకి వచ్చే పిల్లవాడికి ఏమేం వచ్చి ఉండాలనుకుంటారు. వాళ్ళు చెప్పింది ఒక కాగితం మీద రాసి పెట్టుకుంటే ఏడాది పొడుగునా అక్కర్లేని కంగారు ఉండదు.

ఇక దొరికే సరుకు సంగతి. బజార్లో బడులకు అమ్మే యూకేజీ సెట్టు కొనకు. ఏడెనిమిది పుస్తకాలు, రోజూ చుక్కలు కలపడం, ఒకే అక్షరం పదిసార్లు దిద్దడం. ముప్ఫైమంది పిల్లల్ని ఒకచోట కూర్చోబెట్టడానికి పనికొచ్చే పద్ధతి అది. ఇంట్లో ఒక్క పిల్లవాడితో ఆ పేజీ ఐదు నిమిషాల్లో అయిపోతుంది, లేదా వాడు పెన్సిలు విసిరేస్తాడు. సామాను చేత్తో పట్టుకుని పనిచేస్తూ నేర్చుకునే మాంటిస్సోరి పద్ధతి మంచిదే, కానీ చెక్క సామానంతా కొంటే ఖర్చు, పైగా చిన్న చిన్న ముక్కలు చంటిదాని నోట్లోకి పోతాయి. అందులోంచి నీకు కావలసింది చేతిపని మాత్రమే. చెంబులోంచి గ్లాసులోకి నీళ్ళు పొయ్యడం, గుండీలు పెట్టుకోవడం, బఠాణీలు వొలవడం, ఇవన్నీ వంటింట్లో డబ్బు పెట్టకుండా దొరికేవే. అమెరికా నుంచి వచ్చే కథల పుస్తకాల సెట్లు చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి. వారానికో కథ, దాని చుట్టూ బొమ్మలు, పాటలు, లెక్కలు. కానీ అక్టోబరులో రాలిన ఎర్రాకులు, డిసెంబరులో మంచుబొమ్మ అంటే మన పిల్లలకు కిటికీలోంచి చూపించేందుకు ఏమీ ఉండదు. కథ ఉంచుకుని, చుట్టూ చేయించే పనిని దసరా బొమ్మల కొలువుకో సంక్రాంతి గొబ్బెమ్మకో మార్చుకోగల ఓపిక నీకుంటేనే ఆ సెట్టు జోలికెళ్ళు. వాల్డార్ఫ్ పద్ధతిలో ఏడో ఏడు దాకా అక్షరాల ఊసే ఉండదు. వచ్చే జూన్‌లో బడిలో చేర్చాలనుకునే నీకు అది కుదరదు. ఇంగ్లండులో షార్లెట్ మేసన్ అనే ఆవిడ చెప్పిన దారి నీకు దగ్గరగా ఉంది. ఆరేళ్ళు నిండేవరకు పాఠాల బరువు లేకుండా ఆరుబయట తిరగడం, మంచి కథలు వినడం, ఆ తర్వాత కూడా చిన్న చిన్న పాఠాలే.

మన ప్రభుత్వం 2022లో తెచ్చిన పునాది దశ (మూడు నుంచి ఎనిమిదేళ్ళ పిల్లల) పాఠ్యప్రణాళికను కూడా తీసి చూడు. ఆరేళ్ళలోపు పిల్లలకు పాఠ్యపుస్తకాలే వద్దు, ఆటే చదువు అని అందులో స్పష్టంగా ఉంది. ఇంటికొచ్చి వాడి పుస్తకాలేవీ అని అడిగేవాళ్ళకు చూపించడానికి అదొక్కటి చాలు. దాని వెంట 2023లో జాదూయీ పిటారా పేరుతో ఆటవస్తువుల పెట్టె కూడా వచ్చింది. అందులో ఏముందో చూస్తే ఏ వయసుకు ఏ ఆట అన్నది నీకే అంచనా దొరుకుతుంది. తెలుగు కథలకు స్టోరీవీవర్ అనే వెబ్‌సైటులో బొమ్మల పుస్తకాలు ఉచితంగా ఉన్నాయి, స్థాయిల వారీగా విడదీసి పెట్టారు. మొదటి స్థాయివి ఇరవై దింపుకుని, వాడికి బాగా నచ్చినవి ఐదారు రంగుల్లో ప్రింటు తీయించు. ఫోనులో చూపిస్తే కథ వదిలేసి ఫోను అడుగుతాడు.

నా సలహా, మొత్తం ప్యాకేజీ ఏదీ కొనకు. చదవడానికి ఒక పాఠాల పుస్తకాల వరుస, లెక్కలకు అలాంటిదే ఇంకో వరుస, గుట్టగా కథల పుస్తకాలు, అంతే. ఆ రెండు వరుసల్నీ కొనేముందు ఇలా పరీక్షించు. మొదటి వారం పేజీలు అందరూ అందంగానే వేస్తారు, నువ్వు పద్దెనిమిదో వారం నమూనా అడుగు. దాన్ని ఐదు రోజులు నిజంగా చేసి చూడు. నీకు ముందురాత్రి తయారీకి పది నిమిషాల కంటే ఎక్కువ పట్టినా, రోజుకు రెండు మూడు పేజీలకు మించి రాయించినా, ప్రతి పాఠానికీ జిరాక్సు షాపుకెళ్ళాల్సొచ్చినా వద్దు. బాగుందనిపిస్తే మొదటి టర్ము మాత్రమే కొను.

సమయం సంగతి. ఒక్కో పాఠం పది, పదిహేను నిమిషాలు. రోజుకు మొత్తం కలిపి నలభై ఐదు నిమిషాలు, వారానికి నాలుగు రోజులు. తక్కువనిపిస్తుంది. కానీ బళ్ళో మూడు నాలుగు గంటల్లో సగం వరసలో నిలబడ్డానికి, డబ్బా తెరవడానికి, పక్కవాడి వంతు అయ్యేదాకా చూడ్డానికి పోతుందని మరిచిపోకు. ఏడాదికి ముప్ఫై వారాలు లెక్క వేసుకో. మిగతావి జ్వరాలకి, పండగలకి, ఊరెళ్ళడానికి వదిలెయ్. యాభై రెండు వారాలకూ ప్లాను రాసుకున్నవాళ్ళు సంక్రాంతికల్లా వెనకబడ్డామని దిగులుపడి మొత్తం మానేస్తారు.

చంటిది పొద్దున తొమ్మిదిన్నరకో పదికో పడుకుంటుంది కదా, అది నీ పాఠాల వేళ. కానీ పెద్దవాణ్ణి పిలవకముందే మూడేళ్ళదాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని పది నిమిషాలు దాని పుస్తకం దానికి చదువు. ఇది చెయ్యకపోతే పాఠం మధ్యలో వచ్చి పలక లాక్కునేది అదే. దానికంటూ ఒక డబ్బా పెట్టు. బట్టల క్లిప్పులు, మూతలున్న గిన్నెలు, పెద్ద పూసలు, తాడు, రంగు కాగితాలు. పాఠాల వేళే తెరవాలి, అవ్వగానే అటక ఎక్కాలి. రోజంతా అందుబాటులో ఉంటే మూడో రోజుకే దాని మీద మోజు పోతుంది. అది అన్నతోపాటు కూర్చుంటానంటే రానీ, అన్నకంటే ముందు జవాబు చెప్పినా తిట్టకు. దాన్ని చూపించి వాణ్ణి మాత్రం ఎప్పుడూ పోల్చకు.

తెలుగు అక్షరాల దగ్గరే చాలామంది పొరపడతారు, కాస్త వివరంగా రాస్తాను. అ నుంచి బండిర దాకా వరసగా బట్టీ పెట్టించకు. అలా నేర్చినవాడు వరస గడగడా చెబుతాడు, మధ్యలో ఒకటి చూపిస్తే మళ్ళీ అ దగ్గర్నుంచి మొదలెడతాడు. మాటల్లోంచి మొదలుపెట్టు. త, ల, అ, క, న, గ, ర, ప, ఈ ఎనిమిదీ వస్తే తల, అల, కల, నగ, అలక, పలక, కలప చదవగలడు. గుణింతం ముట్టుకోకుండానే తానుగా చదివాననే సంతోషం వాడికి నెలరోజుల్లో దక్కుతుంది. వారానికి రెండు అక్షరాలు చాలు. ఒకేలా కనిపించేవి ఒకే వారం పెట్టకు. ప-వ-ష, మ-య, డ-ద, బ-ఒ, వీటిలో ఒకటి గట్టిపడ్డాక రెండు మూడు వారాలాగి రెండోది చూపించు. ఋ, ౠ, ఙ, ఞ, ఖ-ఘ లాంటి ఒత్తక్షరాలు ఈ ఏడు వద్దే వద్దు. హల్లుల్లో ఇరవై దాకా వచ్చాక దీర్ఘం, తర్వాత గుడి, కొమ్ము. ఎత్వం దాకా వస్తే ఈ ఏటికి చాలా ఎక్కువ. అక్షరాల కింద వేసే ఒత్తులు ఒకటో తరగతి పని.

ఇంగ్లీషు అక్షరాలు అదే రోజున మొదలెట్టకు. పది, పన్నెండు వారాలు తెలుగు నడిచాక ఎత్తుకో. మాట్లాడ్డం, పాటలు, కథలు మాత్రం మొదటి రోజునుంచి రెండింట్లోనూ ఉండొచ్చు. అక్షరం పేరు కంటే ముందు శబ్దం నేర్పు. ఎస్, ఎ, టి, పి, ఐ, ఎన్, ఈ ఆరింటితో సాట్, పిన్, ట్యాప్ లాంటి మాటలు వస్తాయి కాబట్టి ఆ వరస మంచిది. తెలుగు పిల్లలకు ఇక్కడో చిక్కుంది. మన హల్లులో అకారం కలిసే ఉంటుంది కదా, అందుకని టి శబ్దాన్ని ట అనో టు అనో పలుకుతారు. అప్పుడు మూడూ కలిపితే సాట్ రాదు, స-ఆ-ట అని విడివిడిగానే ఉండిపోతుంది. పొల్లుగా పలికించు. స్ అని పాము బుసలా సాగదీసి, ట్ అని టక్కున ఆపాలి. ఆ అలవాటు సరిచెయ్యకుండా ముందుకెళితే వాడికి చదవడం రావట్లేదనిపిస్తుంది, తప్పు పలికించడంలో ఉంటుంది.

రాయడం, చదవడం వేరువేరు పనులు. చదివే వేగంతో రాయించబోతే వేళ్ళు నొప్పెట్టి చదువంటేనే మొహం చాటేస్తాడు. మొదటి రెండు నెలలు నోటుబుక్కు తెరవకు. అంచున్న పళ్ళెంలో సన్న ఇసుక అర సెంటీమీటరు మందం పోసి వేలితో గీయించు. బొంబాయి రవ్వ కూడా పనికొస్తుంది, కాకపోతే చీమలు పడతాయి. ముగ్గుపిండి వద్దు, కళ్ళలో పడితే మంట. నిలువు గీత, అడ్డగీత, సున్నా, కూడిక గుర్తు, చతురస్రం, త్రిభుజం, ఈ వరసలో చెయ్యి తిరుగుతుంది. సున్నా రెండు వైపులకీ నున్నగా రాకుండా తెలుగు అక్షరం రాదు. వాకిట్లో సుద్దముక్కతో మూడు చుక్కలు మూడు వరసలు పెట్టి ముగ్గు కలపమను, కాపీ పుస్తకం కంటే అది మేలు. తర్వాత పలక, బలపం. బలపం రెండంగుళాల కంటే పొట్టిగా ఉండాలి. పొడుగ్గా ఉంటే పిడికిలితో పట్టుకుంటారు, పొట్టిదైతే మూడు వేళ్ళూ వాటంతటవే చేరతాయి. వాడు బలపం కొరుక్కు తింటున్నట్టు కనిపిస్తే తిట్టి ఊరుకోకు, డాక్టరుకు చూపించు. రక్తం తక్కువున్న పిల్లలు అలా తింటుంటారు. అక్షరం తిరగేసి రాస్తే సరిదిద్దే పని పెట్టుకోకు, ఈ వయసులో అది మామూలే.

లెక్కలకు పుస్తకం సన్నగా ఉన్నా ఫరవాలేదు. ఈ ఏడు వాడికి రావలసింది ఇరవై దాకా వస్తువుల్ని ముట్టుకుంటూ లెక్కపెట్టడం, ఐదులోపు గుంపుని లెక్కపెట్టకుండా చూడగానే చెప్పడం, పదిలోపు కలపడం, తీసెయ్యడం. వంద దాకా అంకెలు అప్పజెప్పడం వీటిలో లేదు, దాన్ని చూసి మురిసిపోకు. ముప్ఫై గుడ్ల అట్టలోంచి ఐదేసి గుంటలున్న రెండు వరసలు కత్తిరించుకో, పది గుంటల పెట్టె తయారు. ఏడు పిక్కలు వేస్తే పై వరస నిండి కింద రెండు ఉంటాయి. ఏడంటే ఐదూ రెండూ అని, పదికి ఇంకా మూడు కావాలని కళ్ళకే తెలుస్తుంది. వామనగుంటల్లో గుంటకొకటి పంచుకుంటూ పోవడం కంటే మంచి లెక్క ఏ సెట్టులోనూ లేదు. కానీ చింతపిక్కలు, గవ్వలు చంటిది నిద్రపోతున్నప్పుడే తియ్యి. తీసేముందు ఇరవై అని లెక్కపెట్టు, డబ్బాలో వేసేటప్పుడు మళ్ళీ వాడి చేతే లెక్క పెట్టించు. ఒక్కటి తగ్గినా అది దొరికేదాకా చంటిదాన్ని నేల మీద వదలకు. అది మేలుకుని ఉన్నప్పుడు క్లిప్పులు, గ్లాసులు వాడుకో.

మూడో వారంలో వాడు నాకొద్దని మొండికేస్తాడు, దాదాపు అందరూ వేస్తారు. సిలబస్సు మార్చేయకు. ఆకలేమో చూడు, పాఠం ఇరవై నిమిషాలు దాటుతోందేమో గడియారం చూడు, రాయడం తగ్గించి వారం రోజులు కథలు, ఆటలే నడిపించు. అప్పటికీ ఇబ్బందిగా ఉంటే, ముఖ్యంగా పుస్తకం ముక్కుకి దగ్గరగా పెట్టుకుంటున్నా, వెనక నుంచి పిలిస్తే పలక్కపోయినా, కళ్ళూ చెవులూ పరీక్ష చేయించు.

అల్లుడుగారికి సాయంత్రం కథ అప్పగించు. రోజూ ఒకటి, పడుకునే ముందు, ముగ్గురూ పక్కనే. నీ గొంతుకు విశ్రాంతి, వాళ్ళకు ఇంకో గొంతు. నెలకొక పలక ఫోటో, ఒక బొమ్మ, వాడు చదివిన పుస్తకాల పేర్లు తేదీ వేసి ఫైల్లో పెట్టమను. బడిలో అడిగితే చూపించడానికి ఉంటుంది.

డబ్బు ఇప్పుడే పెట్టకు. వచ్చే సోమవారం నుంచి రెండు వారాలు కథ, ఇసుక పళ్ళెం, గుడ్ల అట్ట, ఈ మూడే నడిపించు. ఎన్ని నిమిషాలు కూర్చున్నాడో, చంటిది ఎప్పుడు లేచిందో క్యాలెండరు మీద రాసి నాకు పంపు. అది చూసి ఏ వరస కొనాలో ఇద్దరం కలిసి తేలుద్దాం.

పిల్లలకు ముద్దులు, మీ అత్తగారికి నా నమస్కారాలు చెప్పు.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ